జపాన్ కత్తెర కొనే ముందు సాన పట్టేవాళ్లను వెతుక్కోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. విజయవాడలో ఒక చెయిన్ సెలూన్‌లో సీనియర్ స్టైలిస్ట్‌గా చేస్తున్నారు. ఇప్పుడు చేతిలో ఉన్నది నాలుగైదు వేల కత్తెర. సాయంత్రమయ్యేసరికి బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర నొప్పి. నలభై వేల బడ్జెట్‌లో జపాన్‌లో చేత్తో చేసిన కత్తెర కొందామనుకుంటున్నారు. స్టీలు వీజీ-10 తీసుకోవాలా, ఏటీఎస్-314 తీసుకోవాలా, సైజు 5.5 అంగుళాలా, 6 అంగుళాలా. ఆన్‌లైన్‌లో పన్నెండు వేలకే ‘హ్యాండ్‌మేడ్ జపనీస్ డమాస్కస్’ అని కనిపిస్తోంది, తీసుకోవచ్చా అని అడిగారు.

నేను చాలా ఏళ్లు సెలూన్‌లో కత్తెర పట్టాను. ఆ తర్వాత స్టైలిస్టుల కత్తెరలకు పదును పెట్టే పనిలోకి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. నా బల్ల మీదికి వచ్చే ఖరీదైన జపాన్ కత్తెరల్లో వాడి వాడి అరిగిపోయినవి తక్కువ. తెలియని చోట సాన పట్టించి పాడుచేసినవే ఎక్కువ. అందుకే స్టీలు దగ్గర కాకుండా నా ప్రశ్నతో మొదలుపెడతాను. కాన్వెక్స్ అంచుకు, అంటే ఒంపు తిరిగిన అంచుకు, పదును పెట్టడం వచ్చినవాళ్లు మీకు అందుబాటులో ఎవరున్నారు? విజయవాడలోనే ఉండక్కర్లేదు, హైదరాబాద్‌కో చెన్నైకో కొరియర్ చేసినా పర్వాలేదు. కానీ ఫలానా చోటికి పంపుతాను అని మీకు కచ్చితంగా తెలిసి ఉండాలి. అది తేలకుండా లక్ష రూపాయల కత్తెర కొన్నా మొదటిసారి మొద్దుబారే వరకే దాని వైభవం.

ఎందుకు ఇంతగా చెప్తున్నానో అర్థం కావాలంటే కత్తెరను కాస్త దగ్గరగా చూడాలి. మీ దగ్గరున్న కత్తెర తెరిచి బ్లేడు బయటి వైపు అంచును వెలుతురులో తిప్పి చూడండి. పదును పక్కనే సన్నటి ఏటవాలు పట్టీ మెరుస్తూ కనిపిస్తే అది బెవెల్ అంచు. జపాన్ కత్తెరల్లో ఎక్కువ వాటికి ఆ పట్టీ ఉండదు. బ్లేడు వీపు ఆల్చిప్పలా నున్నగా ఒంపు తిరిగి, ఎక్కడా మెట్టు లేకుండా నేరుగా పదునులో కలిసిపోతుంది. దీన్నే కాన్వెక్స్ అంటున్నాం, జపాన్ పనివాళ్లు హమగురి-బా అంటారు. ఇక బ్లేడు లోపలి వైపు పల్లంగా తీసి ఉంటుంది. ఆ పల్లానికి, పదునుకు మధ్య సన్నటి చదును గీత ఒకటి స్క్రూ దగ్గర నుంచి మొన దాకా వెళ్తుంది. దాన్ని రైడ్ లైన్ అంటారు. రెండు బ్లేడ్లు ఒకదాన్నొకటి రాసుకునేది ఆ గీత మీదే.

ఇప్పుడు కత్తెర మూసి, లైటుకు అడ్డంగా పెట్టి పక్క నుంచి చూడండి. బ్లేడ్ల మధ్య సన్నటి వెలుగు కనిపిస్తుంది. చాలామంది అది లోపం అనుకుని షాపులో వాపసు ఇచ్చేస్తారు. లోపం కాదు, అలాగే ఉండాలి. ఒక్కో బ్లేడునూ కనీకనిపించనంత వంచి ఉంచుతారు. మూసినప్పుడు మొనల దగ్గర, స్క్రూ వెనకాల మాత్రమే తాకుతాయి. మీరు బొటనవేలు కదిపినకొద్దీ ఆ తాకే చోటు స్క్రూ నుంచి మొన వైపు జరుగుతూ వెళ్తుంది. వెంట్రుక తెగేది ఎప్పుడూ ఆ ఒక్క చోటే. వంపు ఎక్కువైతే కత్తెర బరువుగా నడుస్తుంది, అంచులు ఒకదాన్నొకటి తినేస్తాయి. తక్కువైతే వెంట్రుక తెగకుండా బ్లేడ్ల మధ్య మడత పడుతుంది. కస్టమర్ ‘అబ్బా, లాగుతోంది’ అనేది అప్పుడే.

చేత్తో చేసింది అనే మాటకు అసలు విలువ ఈ వంపు దగ్గరే ఉంది. పేరున్న కంపెనీల్లో కూడా మొదటి రూపు యంత్రమే తెస్తుంది. ఎర్రగా కాల్చిన స్టీలును ప్రెస్ కింద కొడతారు. కొన్ని మోడళ్లకు బ్లేడుకు ఒక గట్టి స్టీలు, హ్యాండిల్‌కు మరో మెత్తటి స్టీలు వాడి వెల్డింగ్ చేస్తారు. తర్వాత వెయ్యి డిగ్రీల సెల్సియస్ పైన కాల్చి, చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిలో పెట్టి గట్టిదనం సరిచేస్తారు. ఇదంతా యంత్రాలు చేసినా తప్పులేదు, ఒక్కోసారి మనిషి కంటే నికరంగా చేస్తాయి. కాకపోతే ఇలా కాల్చి చల్లార్చినప్పుడు బ్లేడు ఎంతో కొంత వంకర పోతుంది. అక్కడి నుంచి పని మనిషిది. చిన్న సుత్తితో ఒక దెబ్బ వేయడం, కంటి ముందు పెట్టి గీత చూడడం, మళ్లీ ఒక దెబ్బ. రెండు బ్లేడ్లను జతచేసి, నీటి రాయి మీద లోపలి గీత సరిచేసి, వేళ్లతో నడిపి చూసి, స్క్రూ విప్పి మళ్లీ సరిచేయడం. అలా జతకూడిన బ్లేడ్లు ఆ జతకే పనికొస్తాయి. అదే మోడల్ కత్తెర ఇంకోటి తెచ్చి బ్లేడు మార్చినా సరిగ్గా కుదరదు. మీరు ఎక్కువ డబ్బు ఇస్తున్నది ఆ సుత్తి పట్టిన మనిషి సమయానికి.

జపాన్‌లో ఈ పని అంత బలంగా నిలబడటానికి కారణం కొంత చరిత్రలో ఉంది. 1871లో మెయిజీ ప్రభుత్వం మగవాళ్లు పిలక ముడి తీసేసి జుట్టు తమకు నచ్చినట్టు కత్తిరించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. 1876లో బయట కత్తి ధరించి తిరగడం నిషేధించింది. ఒక పక్క క్షౌరశాలలు పెరిగాయి, మరో పక్క కత్తులు చేసేవాళ్లకు పని పోయి వంటింటి కత్తులు, కత్తెరల వైపు మళ్లారు. గిఫు ప్రాంతంలోని సెకి ఊరు దీనికి పేరు, అక్కడ కత్తులు చేయడం కొన్ని వందల ఏళ్ల విద్య. కాయ్ కంపెనీ పుట్టింది అక్కడే, కాషో కత్తెరలు వాళ్లవే. అలాగని మంచి కత్తెర అంటే సెకిదే అనుకోకండి. జోవెల్ కత్తెరలు చేసే టోకోషా 1917 నుంచి ఉంది, ఫ్యాక్టరీ ఉత్తరాన ఇవాతేలో. మిజుతాని 1921 నుంచి ఉన్న కంపెనీ. యసాకా అనే మరో కంపెనీది నారా ప్రాంతం. ‘సెకి’ అని చెక్కి ఉన్నంత మాత్రాన అది అక్కడ పుట్టిందని కాదు, లేనంత మాత్రాన తక్కువదీ కాదు.

ఇక మీరు చూసిన పన్నెండు వేల కత్తెర సంగతి. లిస్టింగ్‌లో మాటలు జాగ్రత్తగా చదవండి. ‘జపాన్ స్టీల్’ వేరు, ‘మేడ్ ఇన్ జపాన్’ వేరు. మొదటిది స్టీలు గురించి మాట్లాడుతోంది, కత్తెర ఎక్కడ చేశారో చెప్పట్లేదు. అలాంటివి చాలావరకు చైనాలోనో పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లోనో తయారవుతాయి. అక్కడ మంచి పనివాళ్లు లేరని కాదు, ఆ ధరకు కొన్ని నిజంగా బాగుంటాయి కూడా. అయితే జపాన్ పేరు వాడుకుని అమ్మేవాడు మిగతా విషయాల్లో నిజం చెప్తాడని నేను నమ్మను. తయారీదారు పేరేంటి, ఫ్యాక్టరీ ఏ ఊళ్లో ఉంది, సీరియల్ నంబర్ ఉందా, సర్వీసుకు ఎక్కడికి పంపాలి అని రాసి అడగండి. ‘ప్రీమియం జపనీస్ క్వాలిటీ మేడమ్’ అని జవాబొస్తే అక్కడితో వదిలేయండి.

డమాస్కస్ అన్నది ఇంకో ఆకర్షణ. నిజంగా పొరలు పొరలుగా కలిపి చేసిన స్టీలుతో కత్తెరలు చేసేవాళ్లు జపాన్‌లో ఉన్నారు, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. పన్నెండు వేల వాటి మీద కనిపించే అలల డిజైన్ సాధారణంగా యాసిడ్‌తోనో లేజర్‌తోనో గీసింది. రెండిట్లోనూ జుట్టు కోసేది ఆ డిజైన్ కాదు, అంచున ఉన్న స్టీలు. పాతకాలపు డమాస్కస్ కత్తుల ఉక్కు ఎక్కడిదో తెలుసా? మన నిజామాబాద్ దగ్గర కోనసముద్రంలో చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవాళ్లు. అది మూసలో కరిగించి చేసిన ఉక్కు, ఇప్పటి పొరల డిజైన్‌కు దానితో సంబంధం లేదు. పేరు మాత్రం మిగిలింది.

సరే, స్టీలు. 440సీ, వీజీ-10, ఏటీఎస్-314 ఈ మూడూ మీకు తరచుగా వినిపించేవి. 440సీ పాతది, గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 58 నుంచి 60 దాకా వస్తుంది. వీజీ-10 ఫుకుయి ప్రాంతంలోని తకెఫు స్పెషల్ స్టీల్ వాళ్లది. ఒక శాతం దాకా కార్బన్, 15 శాతం క్రోమియం, కాస్త కోబాల్ట్ ఉంటాయి, గట్టిదనం 60 పైకి వెళ్తుంది. ఏటీఎస్-314 హిటాచి మెటల్స్ స్టీలు, ఆ కంపెనీ 2023 నుంచి ప్రోటీరియల్ అనే పేరుతో ఉంది. కత్తెరల్లో దీనిది కూడా వీజీ-10 స్థాయే లేదా కాస్త పైన. గట్టిదనం పెరిగితే పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది. దాంతో పాటు కింద పడినప్పుడు పెచ్చు ఊడే గుణమూ పెరుగుతుంది, పదును పెట్టేవాడికి పనీ పెరుగుతుంది.

మీ ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, వీజీ-10, ఏటీఎస్-314 మధ్య తేడా మీ చేతికి తెలియదు. బాగా కాల్చి, బాగా జతచేసిన 440సీ కత్తెర, హడావిడిగా చేసిన వీజీ-10 కత్తెర కంటే మెరుగ్గా నడుస్తుంది. 440సీ అనగానే చౌక అని ముఖం చిట్లించేవాళ్లను చూశాను. పేరున్న ఫ్యాక్టరీది అయితే మొదటి జపాన్ కత్తెరకు నేను దాన్నే సూచిస్తాను, ఎందుకంటే కాన్వెక్స్ పని తెలిసినవాళ్లు ఎవరైనా దాన్ని చక్కగా పదును పెట్టగలరు. కోబాల్ట్ మిశ్రమంతో చేసేవి మరో తెగ. వాటిలో ఇనుము పాలు చాలా తక్కువ, అయస్కాంతం దాదాపు పట్టదు, తుప్పు భయం లేదు, నడక మెత్తగా ఉంటుంది. ధర మీ బడ్జెట్ దాటుతుంది. ‘కోబాల్ట్ స్టీల్’ అని అమ్మేవన్నీ అవి కావు, అందులో చాలావరకు కొద్దిగా కోబాల్ట్ కలిపిన మామూలు స్టీలే.

సైజు విషయంలో ఇంటర్నెట్ సలహాల కంటే మీ మధ్యవేలు నమ్మదగినది. కత్తెర పొడవును మొన నుంచి వేలి రింగు చివరి దాకా కొలుస్తారు, చిటికెన వేలు ఆనించే కొక్కేన్ని లెక్కలోకి తీసుకోరు. బ్లేడు మీ మధ్యవేలికి ఆనిస్తే ఇంచుమించు అంతే పొడవుండాలి. ఆడవాళ్ల చేతులకు ఎక్కువగా 5.5 కుదురుతుంది. మీరు రోజూ చేసేవి లేయర్స్, బాబ్, వేళ్ల మధ్య పట్టుకుని కోసే పని అయితే 5.5 చాలు. మగవాళ్ల హెయిర్‌కట్‌లు, దువ్వెన మీద కత్తెర నడిపే పని ఎక్కువైతే 6 తీసుకోండి. బార్బర్లు 6.5, 7 దాకా వెళ్తారు, ఒక్క కోతలో దువ్వెన మీది జుట్టంతా అందాలి కదా. చెవి చుట్టూ, ముందు ఫ్రింజ్ దగ్గర పొడవు కత్తెర ఇబ్బంది పెడుతుంది. మీరు రెండు రకాలూ చేస్తానన్నారు కాబట్టి నా ఓటు 5.5కి. దువ్వెన మీద పనికి ఇప్పుడున్న కత్తెరకు మంచి పదును పెట్టించి ఉంచుకోండి.

ఇక నొప్పి. దీన్ని నేను స్టీలు కంటే ముఖ్యమైన విషయంగా చూస్తాను. రెండు రింగులూ ఒకే ఎత్తులో ఉండే పాత తరహా హ్యాండిల్‌తో కోయాలంటే బొటనవేలు ఉంగరపు వేలికి ఎదురుగా లోపలికి వంగుతుంది, మోచెయ్యి పైకి లేస్తుంది. రోజంతా అలా నిలబడితే ఎవరికైనా నొప్పి వస్తుంది. ఆఫ్‌సెట్ హ్యాండిల్‌లో బొటనవేలి వైపు కాడ పొట్టిగా ఉంటుంది, వేలు సహజంగా ఉండే చోటనే ఉంటుంది. క్రేన్ అంటే హ్యాండిల్ ఇంకాస్త కిందికి వంగి ఉంటుంది, దాంతో మోచెయ్యి దించే కోయొచ్చు. బొటనవేలి రింగు గుండ్రంగా తిరిగే స్వివెల్ రకాలు కూడా ఉన్నాయి. అవి కొందరికి నిజంగా ఉపశమనం, కానీ అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది, ఆ కొన్ని వారాలు కస్టమర్ల జుట్టు మీదే ప్రాక్టీసు చేయాలి. మీకైతే ముందు ఆఫ్‌సెట్ గానీ క్రేన్ గానీ చూడండి.

పట్టుకునే తీరు కూడా గమనించుకోండి. రింగులో బొటనవేలు గోరు మొదలు దాటి లోపలికి పోకూడదు. వేలు కణుపు దాకా దూర్చి పట్టుకుంటే కోత కోతకూ కత్తెర మొత్తం ఊగుతుంది, ఆ ఊపు మణికట్టుకు చేరుతుంది. రింగు పెద్దదైతే లోపల వేసుకునే రబ్బరు రింగులు వస్తాయి, ఖరీదు పెద్దగా ఉండదు, వేసుకోండి. మొద్దుబారిన కత్తెర కూడా నొప్పికి పెద్ద కారణం. తెగనప్పుడు మనకు తెలియకుండానే బొటనవేలితో పక్కకు నొక్కుతాం. ఇవన్నీ మార్చినా బొటనవేలి కింద వాపు, రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కడం ఉంటే కత్తెరతో తీరేది కాదు, ఎముకల డాక్టర్‌కు చూపించండి.

మీరు చెప్పలేదు గానీ, ఎడమచేతి వాటం అయితే పై మాటల్లో సగం మారిపోతాయి. ఎడమచేతి కత్తెర అంటే రింగులు తిప్పితే చాలదు, బ్లేడ్లే తారుమారై ఉండాలి. కుడిచేతి కత్తెరను ఎడమ చేత్తో వాడితే బొటనవేలి నెట్టుడుకు బ్లేడ్లు దగ్గరవ్వాల్సింది పోయి విడిపోతాయి. చిన్నప్పటి నుంచి అలాగే సర్దుకున్నవాళ్లు ఉన్నారు, వాళ్లు మాత్రం కొత్తది కొనే ముందు ఎవరి దగ్గరైనా అరువు తీసుకుని ఒకరోజు వాడి చూడాలి.

వీలైతే కత్తెరను చేత్తో చూడకుండా కొనకండి. పెద్ద నగరాల్లో డీలర్లు, బ్యూటీ ఎక్స్‌పోల్లో స్టాళ్లు ఉంటాయి. చేతిలోకి రాగానే ముందు టెన్షన్ చూడండి, అంటే స్క్రూ బిగువు. ఉంగరపు వేలి రింగును ఒక చేత్తో పట్టుకుని మొన పైకి ఉంచి, బొటనవేలి వైపు బ్లేడును అడ్డంగా తెరిచి వదలండి. టప్‌మని పూర్తిగా మూసుకుంటే వదులు. కదలకుండా అక్కడే ఉండిపోతే బిగువు ఎక్కువ. మొన దగ్గర మూడో వంతు తెరిచి ఉండగా ఆగితే ఇంచుమించు సరైన చోటు. స్క్రూ చేత్తో తిప్పేదైతే మీరే రోజూ సరిచేసుకోవచ్చు. చిన్న తాళంచెవితో తిప్పే చదును స్క్రూ అయితే ఆ తాళంచెవి డబ్బాలో ఉందో లేదో అక్కడే చూసుకోండి.

తర్వాత కత్తెరను చెవి దగ్గర పెట్టుకుని నెమ్మదిగా మూయండి. మొదటి నుంచి చివరి దాకా ఒకే మెత్తటి శబ్దం రావాలి. మధ్యలో ఎక్కడైనా చిటుక్కుమన్నా, గరగరలాడినా రైడ్ లైన్‌లో ఏదో ఉంది. ఆ తర్వాత టిష్యూ పేపర్ నీళ్లలో ముంచి, రెండు మడతలు వేసి, మొనతో మాత్రమే కోయండి. పొడి కాగితాన్ని ఏ కత్తెరైనా కోస్తుంది. తడి టిష్యూ మొన దగ్గర మడత పడకుండా, పీచులు లేకుండా తెగితేనే ఆ మొనలు సరిగ్గా కలుస్తున్నట్టు. తెరిచి మూసి ఖాళీగా టకటకలాడించే అలవాటుంటే మానేయండి, వెంట్రుక లేకుండా అంచులు ఒకదానికొకటి రాసుకోవడం పదునుకు మంచిది కాదు.

కాన్వెక్స్ అంచు మీ పనికి అవసరమా అనేది కూడా ఆలోచించండి. స్లైడ్ కట్ (బ్లేడు జారుస్తూ), పాయింట్ కట్ (మొనతో), డ్రై కట్ (పొడి జుట్టు మీద) చేసేవాళ్లకు అది తప్పనిసరి, బ్లేడు జుట్టు మీద జారుతూ కోయాలంటే ఇంకో దారి లేదు. బ్లంట్ కట్‌లు (ఒకే గీతగా తిన్నగా కోసేవి), స్కూలు పిల్లల కటింగ్‌లు ఎక్కువైతే అంచు మీద కంటికి కనిపించనంత గరుకు పళ్లున్న బెవెల్ కత్తెర జుట్టును జారిపోకుండా పట్టుకుని కోస్తుంది, చౌకగానూ వస్తుంది. జపాన్ వాళ్ల జుట్టు నల్లగా, మందంగా, నిటారుగా ఉంటుంది. అలాంటి జుట్టు కోయడానికే ఈ కత్తెరలు రూపుదిద్దుకున్నాయి కాబట్టి ఒత్తైన మన జుట్టు మీద కూడా బాగా నడుస్తాయి.

థిన్నింగ్ కత్తెరను (జుట్టు ఒత్తు తగ్గించే పళ్ల కత్తెరను) కూడా జపాన్‌దే కొనాలా అని చాలామంది అడుగుతారు. మొదటే అక్కర్లేదు. 30 పళ్ల దగ్గర ఉండేది ఒకటి చాలు, ఒక కోతలో ఎంత శాతం జుట్టు తెగుతుందో కంపెనీ వాళ్లు చెప్తారు, 20 - 25 శాతం దగ్గరిది తీసుకుంటే గీతలు పడకుండా నడుస్తుంది. దానికి పదును పెట్టే అవసరం కూడా తక్కువే వస్తుంది.

ఇప్పుడు మీ నలభై వేలు. జపాన్‌లో తయారైన పేరున్న కంపెనీల ప్రారంభ మోడళ్లు ఇరవై నుంచి ముప్పై వేల మధ్య దొరుకుతాయి. మిజుతాని లాంటి వాటిలో ఎక్కువ మోడళ్లు మీ బడ్జెట్ దాటిపోతాయి, లక్ష దాటేవీ ఉన్నాయి. నలభై మొత్తం ఒక్క కత్తెర మీద పెట్టొద్దు. ముప్పై లోపు ఒక 5.5 ఆఫ్‌సెట్ తీసుకుని, మిగిలింది ఏడాది పదును ఖర్చుకు, ఒక గట్టి తోలు పౌచ్‌కు, నూనెకు ఉంచండి. విదేశీ సైటు నుంచి తెప్పిస్తే చూపించే ధర మీద కస్టమ్స్ డ్యూటీ, జీఎస్టీ, కొరియర్ వాడి చార్జీ కలుస్తాయని మర్చిపోకండి. అమెరికాలోనో జపాన్‌లోనో ఉన్న బంధువులతో తెప్పించుకుంటుంటే చెక్ఇన్ బ్యాగులో పెట్టమని గట్టిగా చెప్పండి, చేతి సంచిలో పెడితే ఎయిర్‌పోర్టులో తీసి పక్కన పెట్టొచ్చు.

మన దగ్గర కత్తెరలు త్వరగా పాడవడానికి ఒక కారణం కొబ్బరినూనె. నూనె పెట్టుకుని వచ్చిన జుట్టుకు దుమ్ము అంటుకుని ఉంటుంది. కడగకుండా కోస్తే ఆ జిడ్డూ దుమ్మూ స్క్రూ కింద చేరి, రైడ్ లైన్‌ను సన్నటి ఇసుక కాగితంలా అరగదీస్తాయి. కొత్త కత్తెర కొన్నాక ఒక నియమం పెట్టుకోండి: కడిగిన జుట్టు మీదే అది బయటికి తీయాలి, మిగతా వాటికి పాత కత్తెర. ప్రతి కస్టమర్ తర్వాత మెత్తటి గుడ్డతో బ్లేడు వీపు వైపు నుంచి తుడవండి. రాత్రి ఇంటికి వెళ్లే ముందు కత్తెర తెరిచి స్క్రూ దగ్గర ఒక చుక్క కత్తెర నూనె వేసి, రెండుసార్లు కదిపి, బయటికొచ్చిన నల్లటి మడ్డి తుడిచేయండి. ఆ మడ్డి ఎంత వస్తుందో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. జపాన్ వాళ్లు కామెల్లియా నూనె వాడతారు, కుట్టుమిషన్ నూనె అయినా పర్వాలేదు, కొబ్బరినూనె మాత్రం వద్దు, గడ్డకడుతుంది. స్టెయిన్‌లెస్ అన్నారు కదా అని బ్లీచ్, క్లోరిన్ కలిపిన నీళ్లలో నానబెట్టకండి, కలర్ వేసిన చేత్తో అలాగే వదిలేయకండి. ఆ మచ్చలు పోవు. హైలైట్స్ ఫాయిల్, దారం, షాంపూ సాషె చింపడానికి పక్క కుర్చీ జూనియర్ అడిగినా ఇవ్వకండి.

పడిపోతే ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. తీయగానే తెరిచి మూయకండి. అంచున చిన్న గంటు పడి ఉంటే అది ఎదుటి బ్లేడు అంచును మొత్తం గీసేస్తుంది. మూసి ఉంటే అలాగే పౌచ్‌లో పెట్టి పంపండి.

పదును పెట్టేవాళ్లను ఎలా ఎంచుకోవాలో ఇక్కడ చెప్పి ముగిస్తాను, మొదట అన్నది అదే కాబట్టి. వీధిలో సైకిల్ మీద చక్రం తిప్పుతూ వచ్చే సాన మనిషి వంటింటి కత్తికి, టైలర్ కత్తెరకు బాగా పట్టగలడు. జపాన్ కత్తెర అతని పని కాదు, ఇవ్వడం మీ తప్పు అవుతుంది. సెలూన్లకు తిరిగే మిషన్ వాళ్లను మూడు విషయాలు అడగండి. స్క్రూ విప్పి రెండు బ్లేడ్లు వేరు చేసి చేస్తారా? కాన్వెక్స్‌ను చదును రాయి మీద గానీ, దానికోసమే చేసిన యంత్రం మీద గానీ చేస్తారా, బెల్టు మీద పట్టేస్తారా? రైడ్ లైన్‌ను ముట్టుకుంటారా, ముట్టుకుంటే ఎంత? చివరిదానికి ‘లోపల కూడా బాగా గ్రైండ్ చేసేస్తాం’ అని ఎవరైనా గర్వంగా చెప్తే దండం పెట్టి పంపేయండి. లోపలి పల్లం ఒకసారి చెడితే దాన్ని తిరిగి తేవడం ఫ్యాక్టరీ వాళ్లకే కష్టం.

ఎంత బాగా మాట్లాడినా మొదట మీ పాత కత్తెర ఇవ్వండి. తిరిగొచ్చాక అంచును లైటు కింద తిప్పి చూడండి, ముందు లేని మెరుపు పట్టీ కొత్తగా కనిపిస్తే కాన్వెక్స్‌ను బెవెల్ చేసేశారన్నమాట. తడి టిష్యూ పెట్టి చూడండి. రెండు వారాలకే మళ్లీ మొద్దుబారితే అంచు మీద మిగిలిన సన్నటి బర్ర్‌నే, అంటే సాన పట్టినప్పుడు లేచే లోహపు పొరనే, పదును అనుకుని మీకిచ్చారు. ఈ పరీక్ష దాటినవాళ్లకే కొత్తది ఇవ్వండి. రోజంతా పని ఉండే సెలూన్‌లో ఆరు నెలలకు ఒకసారి, పని తక్కువైతే ఏడాదికోసారి సరిపోతుంది. ప్రతిసారీ కొంత స్టీలు పోతుంది కాబట్టి బాగా కోస్తున్నదాన్ని క్యాలెండర్ చూసి పంపాల్సిన పనిలేదు.

మీ మధ్యవేలు పొడవు, వారంలో డ్రై కట్‌లు సుమారు ఎన్ని ఉంటాయి, ఇప్పుడున్న కత్తెర హ్యాండిల్ ఫొటో ఒకటి పెడితే ఏ మోడళ్లు చూడాలో చెప్తాను. ఆ పన్నెండు వేలది మాత్రం ఈలోపు ఆర్డర్ పెట్టకండి.